అడవి, దరువు, చేతిపని: షామానిక్ రిట్రీట్‌లకూ మన కొలుపులకూ తేడా ఎక్కడ?

క్లుప్తంగా

షామానిక్ రిట్రీట్ పాత ఆదివాసీ ఆచారాల్లోంచి కొన్నిటిని ఏరుకుని, 20వ శతాబ్దం చివర్లో పాశ్చాత్య దేశాల్లో రూపుదిద్దుకున్న శిబిరం. దరువు, అడవి, చేతిపని మూడూ మనసు మీద కొంత ప్రభావం చూపుతాయి. జబ్బులు నయం చేస్తాయనడానికి మాత్రం తగిన ఆధారం లేదు. మేడారం, నాగోబా, గుస్సాడి, మల్లన్న పట్నం లాంటి ఉత్తర తెలంగాణ ఆచారాల్లోనూ ఈ మూడూ ఉన్నాయి. అయితే ఇక్కడ అవి ఊరి కోసం, వంశం కోసం నడుస్తాయి, ఒక మనిషి అనుభవం కోసం నడవవు. డబ్బు, సమయం, హక్కు, బాధ్యతల్లో కనిపించే తేడాలన్నీ దీన్నుంచే పుడుతున్నాయి.

ఇంతకీ అక్కడ ఏం చేస్తారు?

ఊరికి దూరంగా, అడవి అంచున మూడు నాలుగు రోజుల మకాం. పొద్దున్నే చెప్పుల్లేకుండా, మాటల్లేకుండా నడక. పగలంతా చేతిపని: బుట్ట అల్లడం, మట్టితో బొమ్మ చేయడం, సొరబుర్రలో గింజలు పోసి గిలక కట్టడం, నానబెట్టిన పచ్చితోలును చెక్క చట్రానికి లాగి కట్టి డోలు తయారు చేయడం. చీకటి పడ్డాక మంట చుట్టూ చేరతారు. లేదంటే చాపల మీద పడుకుని కళ్ల మీద గుడ్డ కప్పుకుంటారు. ఒకరు ఒకే వేగంతో డోలు కొడుతుంటే మిగిలినవాళ్లు ఊహలో ‘ప్రయాణం’ చేస్తారు. చివర్లో ఎవరికేం కనిపించిందో చెప్పుకుంటారు. యూరప్, అమెరికాల్లో దశాబ్దాలుగా ఉన్న ఈ పద్ధతి మన దేశంలోనూ యోగా, ధ్యాన శిబిరాల పక్కన చోటు సంపాదించుకుంది.

వరంగల్, హనుమకొండ, మంచిర్యాల వైపు ఇలాంటి ప్రకటనలు ఫోన్లో చూసినవాళ్లకు రెండు రకాల ఆలోచనలు రావచ్చు. ఇదేదో బాణామతి వ్యవహారమని ఒకటి. ‘మన శిగమూగడానికే (దేవత పూని ఊగడానికే) ఇంగ్లీషు పేరు పెట్టి డబ్బులు వసూలు చేస్తున్నారు’ అని రెండోది. మొదటిది పొరపాటు. ఎవరికో హాని చేయడమనే ఉద్దేశం ఈ శిబిరాల్లో లేదు. రెండోదాంట్లో కొంత నిజముంది, కానీ శిగానికీ ఈ ‘ప్రయాణానికీ’ మధ్య ఉన్న దూరం పైకి కనిపించేదానికన్నా ఎక్కువ.

సైబీరియా నుంచి శిబిరం దాకా

షామన్ అనే మాట సైబీరియాలోని ఎవెంకీ లాంటి జాతుల భాషల నుంచి వచ్చింది. అక్కడ షామన్ గూడేనికి వైద్యుడు, పూజారి, చనిపోయినవారికీ బతికున్నవారికీ మధ్య దూత. ఎవరూ ప్రశాంతత వెతుక్కుంటూ షామన్ అయ్యేవారు కాదు. పూర్వీకుల ఆత్మ ఒకరిని ఎంచుకుంటుందని, ఎంచుకున్న మనిషికి జబ్బు చేస్తుందని, బాధ్యత ఒప్పుకుంటేగానీ అది వదలదని వాళ్ల నమ్మకం. 1930ల్లో సోవియట్ ప్రభుత్వం ఈ వ్యవస్థను అణచివేసింది. డోళ్లు లాక్కుంది, ఎందరో షామన్లను జైళ్లకు పంపింది.

ఇవాళ్టి రిట్రీట్‌ల మూలం మాత్రం నేరుగా సైబీరియాలో లేదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త మైకేల్ హార్నర్ 1950, 60ల్లో అమెజాన్ అడవుల్లో పరిశోధన చేశాడు. వేర్వేరు ఖండాల్లోని ఆచారాల్లో ఉమ్మడిగా కనిపించిన పద్ధతులను విడదీసి, ఏ ఒక్క జాతి సంప్రదాయానికీ చెందని ‘కోర్ షామానిజం’ అనే పాఠంగా తయారు చేశాడు. అమెజాన్‌లో వాడే మత్తు మొక్కల స్థానంలో నిమిషానికి 200 దెబ్బలకు పైగా ఒకే తీరున సాగే డోలు వచ్చింది. దేవతల పేర్లు, వంశాలు, పండగ తిథులు, బలులు పోయాయి. మిగిలింది ఎవరైనా వారాంతంలో నేర్చుకోగలిగిన పద్ధతి. ఇది ఇంత వేగంగా వ్యాపించడానికి కారణం అదే. మొదటి నుంచీ ఎదురైన విమర్శకూ కారణం అదే.

ఆ విమర్శ ముందుగా ఆదివాసుల నుంచే వచ్చింది. తమ చెమట గుడిసె (వేడి ఆవిరిలో కూర్చునే గుడిసె), పవిత్ర పైపు లాంటి ఆచారాలను బయటివాళ్లు డబ్బుకు అమ్ముతున్నారంటూ అమెరికాలోని లకోటా ప్రతినిధులు 1993లో వాళ్ల మీద ‘యుద్ధ ప్రకటన’ చేశారు. అది తుపాకుల యుద్ధం కాదు, బహిరంగ హెచ్చరిక. మా ఆచారం మాకు ఒక బాధ్యత, దాన్ని మీరు సరుకు చేయకండి అన్నది అందులోని సారం.

దరువుకు మనిషి ఎందుకు లొంగుతాడు?

ఒకే వేగంతో సాగే డోలు చప్పుడు మెదడు తరంగాలను తనతోపాటు లాక్కెళ్తుందని, అందుకే మనిషి మైకంలోకి జారుకుంటాడని 1960ల మొదట్లో ఆండ్రూ నెహర్ అనే పరిశోధకుడు ప్రతిపాదించాడు. శిబిరాల ప్రచారంలో ఇప్పటికీ ఈ మాటే ఎక్కువగా వినిపిస్తుంది. తర్వాతి పరిశోధకులు దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఫ్రెంచ్ సంగీత పరిశోధకుడు జిల్బేర్ రుజే చాలా దేశాల పూనకాలను పోల్చి చూసి, సంగీతం ఒక్కటే పూనకాన్ని పుట్టించదని వాదించాడు. విన్నవారికి ఆ దరువు ఏ దేవతను పిలుస్తోందో, తమ వంతు ఏమిటో తెలిసి ఉండాలి అన్నది అతని వాదన.

రుజే వాదనకు తెలంగాణ పల్లెల్లోనే సాక్ష్యం దొరుకుతుంది. పెళ్లి ఊరేగింపులో డప్పు మోగుతుంది. చావులో మోగుతుంది. ఎన్నికల ర్యాలీలో గంటల తరబడి మోగుతుంది. అక్కడ ఎవరికీ శిగం రాదు. ఎల్లమ్మ కొలుపు చేసే బైండ్లాయన జమిడిక అనే తీగ వాయిద్యం మీటుతూ ఆమె కథ ఎత్తుకుని, అది ఒకానొక ఘట్టానికి చేరినప్పుడు మాత్రం గుంపులోంచి ఒకామె ఊగడం మొదలుపెడుతుంది. ఊగిపోయేటంత చప్పుడు పెళ్లిలోనూ ఉంది. పెళ్లిలో లేనిది ఆ కథ, ఆ వేళ, చుట్టూ ఉన్నవాళ్ల ఎదురుచూపు. రిట్రీట్‌లో చాప మీద పడుకున్న మనిషికి దరువు ఒక్కటే అందుతుంది. అందుకే అక్కడ చాలామందికి కలిగేది పూనకం కాదు, పగటికలకు దగ్గరగా ఉండే విశ్రాంత స్థితి. అది చెడ్డదేమీ కాదు. అయితే రెండూ ఒకటే అనడం సరికాదు.

అడవి సంగతికొస్తే ఆధారాలు కాస్త గట్టివి. జపాన్ అటవీ శాఖ 1982లో ‘షిన్రిన్ యోకు’ పేరుతో అడవిలో తీరిగ్గా గడపడాన్ని ఆరోగ్య అలవాటుగా ప్రోత్సహించింది. ఆ తర్వాత జరిగిన అధ్యయనాల్లో అలా గడిపినవారిలో నాడి వేగం, రక్తపోటు, ఒత్తిడి హార్మోన్ కొంత తగ్గినట్టు కనిపించింది. ఆ తగ్గుదల చాలా వరకు తాత్కాలికం. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులు చేసే ఉద్యోగికి తాడ్వాయి అడవిలో రెండు రోజులు ఉంటే టెన్షన్ తగ్గడానికి డోలు కూడా అక్కర్లేకపోవచ్చు.

చేతిపని విషయం అంతకన్నా పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన, మనసు చెదిరిన సైనికులతో ఆసుపత్రుల్లో బుట్టలు అల్లించారు, మగ్గం నేయించారు. ఆక్యుపేషనల్ థెరపీ అనే వైద్య విభాగం వేళ్లూనుకున్నది ఇలాంటి పనుల్లోనే. చెయ్యి ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేస్తున్నప్పుడు ధ్యాస అక్కడే నిలుస్తుంది. తప్పు జరిగితే వెంటనే కంటికి కనిపిస్తుంది, సరిదిద్దుకోవచ్చు. రిట్రీట్ నిర్వాహకులు చేతిపనిని కలపడానికి మరో కారణం కూడా ఉంది. ‘ప్రయాణం’లో ఏం దొరికిందో చూపించలేని మనిషి, తాను కట్టిన డోలును చూపించగలడు.

ఇక్కడి పూనకం ఎవరి కోసం?

కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడులతో నేల మీద గీసే ఆ ముగ్గు దేవుడి పెళ్లికి వేదిక. డోలు, తాళాలు మోగుతుండగా శివసత్తులు (దేవుడు పూనే స్త్రీలు) ఊగుతారు. ఆ సమయంలో శివసత్తి తన సొంత కష్టం గురించి మాట్లాడదు. దేవుడై మాట్లాడుతుంది. ఇంటివాళ్లు ‘ఏం తప్పు జరిగింది?’ అని అడుగుతారు. మొక్కు మరిచారనో, పండగ చేయలేదనో, అన్నదమ్ములు కలిసి రాలేదనో ఆమె చెబుతుంది. ఒప్పుకుంటారు, సాక (దేవతకు సమర్పించే నీళ్లు) పోస్తారు, ఆమె చల్లబడుతుంది. మామూలు రోజుల్లో ఇంట్లో నోరు మెదపలేని మనిషి ఆ కాసేపు పెద్దలను నిలదీస్తుంది. ఊగినది ఒకరే అయినా తేలాల్సింది ఇంటి లెక్క.

మేడారంలో ఇది ఇంకా స్పష్టం. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని ఈ ఊరికి రెండేళ్లకోసారి మాఘ మాసంలో ప్రభుత్వ అంచనాల ప్రకారం కోటి మందికి పైగా వస్తారు. అయినా ప్రధాన క్రతువు చేసేది కొద్దిమంది కోయ పూజారులే. చిలుకలగుట్ట మీది నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చేది వడ్డెలనే ఈ పూజారులు. గుట్ట మీద ఏం జరుగుతుందో కోటి మందిలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని పట్టుబట్టరు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. జాతరకు ముందు బుధవారాల్లో గుడిమెలిగె, మండమెలిగె అనే శుద్ధి క్రతువులు, జాతర తర్వాత తిరుగువారం పూజ. ఎప్పుడు, ఎవరు, ఎక్కడ అన్నవన్నీ వంశాల చేతుల్లో ఉన్నాయి. డబ్బు చెల్లించి ముందుకు జరుపుకోగలిగినది అందులో ఏదీ లేదు.

ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరదీ అదే తీరు. మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి హస్తినమడుగుకు వెళ్లి నీళ్లు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీటితో పూజ మొదలవుతుంది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను ‘భేటింగ్’లో దేవుడికి పరిచయం చేస్తారు. పూజకు కావాల్సిన కుండలు చేసే బాధ్యత సిరికొండలోని కుమ్మరి కుటుంబానిది. అక్కడి గుడిని కూడా మెస్రం వంశస్థులు సొంత చందాలతోనే కొత్తగా కట్టుకుని 2022లో ప్రారంభించుకున్నారు.

ఇక దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో కనిపించే గుస్సాడీలు. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర. దీక్ష ఎత్తుకున్నాక కొలబోడితో ముగిసేదాకా స్నానం చేయరు. దండారి బృందం ఊరూరా తిరుగుతుంది. వెళ్లిన ఊరివాళ్లు అతిథులుగా చూసుకుంటారు, పెళ్లి సంబంధాలు కూడా అక్కడే కుదురుతాయి. మార్లవాయికి చెందిన కనక రాజు ఈ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. వేదిక మీద గుస్సాడి పది నిమిషాల నృత్యం. గూడెంలో అది కఠినమైన నియమాలున్న దీక్ష.

విపశ్యన ధ్యాన శిబిరాలతో పోల్చినప్పుడు మరో తేడా కనిపిస్తుంది. అక్కడా పది రోజులు మౌనం, కఠిన నియమాలు ఉంటాయి, ఊరితో, వంశంతో పని ఉండదు. అది కూడా వ్యక్తి కోసమే. కానీ ఫీజు తీసుకోరు, పూర్తి చేసినవాళ్ల విరాళంతో తర్వాతివాళ్లకు కోర్సు నడుస్తుంది. ఏ జాతి వేషమూ వేయరు. వ్యక్తి కోసం జరిగే సాధనలో తప్పేమీ లేదని చెప్పడానికి ఇది చాలు. సమస్యంతా ఇంకొకరి బాధ్యతను తన అనుభవంగా మార్చుకునే చోట ఉంది.

పూజకూ పనికీ మధ్య గోడ లేని చోటు

రిట్రీట్‌లు పూజనూ చేతిపనినీ ఒకచోట చేర్చాయని చెప్పుకుంటాయి. ఉత్తర తెలంగాణలో అవి విడిపోయిందే తక్కువ.

ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం, కేస్లాగూడ లాంటి ఊళ్లలో ఓజాలు ఇత్తడి పోత పోస్తారు. మట్టి అచ్చు చేసి, దాని మీద తేనెమైనపు తీగలు చుట్టి నగిషీ తేల్చి, మళ్లీ మట్టి పొరలు కప్పి ఆరబెడతారు. కాల్చినప్పుడు మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. మట్టి పగలగొడితేగానీ వస్తువు బయటపడదు కాబట్టి ఒక అచ్చుకు ఒకటే వస్తువు. ఇవాళ మార్కెట్లో డోక్రా బొమ్మలుగా అమ్ముడయ్యే ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలు ఈ పని బతికింది గోండుల దేవతా సామగ్రి, గంటలు, నగల అవసరం మీద. దేవుడికి కావాలి కాబట్టి ఓజా ఉన్నాడు.

చేర్యాల నకాషీ బొమ్మల పటమూ అంతే. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పూతలు పూసి గట్టిపరిచి, ఎర్రటి నేపథ్యం మీద మీటర్ల పొడవున కులపురాణం గీస్తారు. దాన్ని గోడకు వేలాడదీయడానికి గీయలేదు. కాకిపడగల లాంటి కథకులు ఊళ్లో పటం విప్పి కథ చెప్పడానికి గీశారు. ఏ ఊరు ఎవరి మిరాశో (వారసత్వ హక్కో) ముందే తేలి ఉంటుంది, ఆ ఊరివాళ్లు కథకులకు త్యాగం, అంటే కానుక, ఇవ్వాలి. పటం పాతబడితే చెత్తలో పడేయరు, నీళ్లలో నిమజ్జనం చేస్తారు. ములుగు, భూపాలపల్లి వైపు నాయకపోడులు లక్ష్మీదేవర కొలుపులో ధరించే చెక్క ముఖాలు, కోయ డోలివాళ్లు కథ చెప్పేటప్పుడు ఎత్తిపట్టే గుడ్డ పడిగెలు కూడా ఈ కోవలోవే. కోయ డోలి కళాకారుడు, సమ్మక్క సారలమ్మ కథాగాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూసిన ఆయన నోట పలికిన వంశగాథలు ఏ వర్క్‌షాప్‌లోనూ నేర్చినవి కావు.

డప్పు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే రిట్రీట్‌లకు అన్నిటికన్నా ఇష్టమైన పని డోలు కట్టడమే. పచ్చితోలును నానబెట్టి, తడిగా ఉన్నప్పుడే చట్రానికి లాగి కడితే ఆరినకొద్దీ బిగుసుకుంటుంది. ఇంతవరకు సైబీరియా డోలుకూ మన డప్పుకూ పెద్ద తేడా లేదు. వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచి శ్రుతికి తెస్తారు. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల కలిసి దరువు కడతాయి. తోలు శుద్ధికి ఇక్కడ తరతరాలుగా తంగేడు చెక్క వాడారు. ఆ తంగేడు పువ్వే బతుకమ్మలో చేరుతుంది. పువ్వు అందరి ఇంటికీ వెళ్లింది, తోలు పని చేసిన మనిషిని మాత్రం ఊరి బయటే ఉంచారు. మాదిగలకు డప్పు శతాబ్దాలపాటు వెట్టిచాకిరీ. చావు కబురుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, కూలి అడగకూడదు. దళిత ఉద్యమాలు, తర్వాత తెలంగాణ ఉద్యమం ఆ డప్పును ఆత్మగౌరవ గొంతుగా మార్చాయి. ఈ చరిత్ర తెలియకుండా ‘ఆదిమ నాదం’ అంటూ డప్పును శిబిరంలో పెడితే, అవమానాన్ని భరించి ఆ కళను నిలిపిన మనుషులు కనుమరుగవుతారు.

మూడు రోజుల్లో ఎంత నేర్చుకోవచ్చు?

మెదరి పనిలో వెదురు చీల్చడమే అసలు విద్య. బద్ద మందం ఒకేలా రావడానికి నెలలు పడుతుంది. మూడు రోజుల్లో వచ్చినవాళ్లు చేసేది ఎవరో చీల్చి ఇచ్చిన బద్దలను అల్లడం. ఇత్తడి పోతలో మట్టి పొరలు ఆరడానికే ఆ మూడు రోజులు చాలకపోవచ్చు. వరంగల్ కొత్తవాడ మగ్గం మీద జంపఖానా నేయాలంటే ముందు పడుగు సిద్ధం కావాలి. ఆ పనిని ఇంటిల్లిపాదీ చేస్తారు, అది ఫొటోల్లో కనిపించదు. పెంబర్తి ఇత్తడి నగిషీలోనూ, నిర్మల్‌లో పొనికి చెక్క బొమ్మల్లోనూ పరిస్థితి ఇదే. కర్రను ఆరబెట్టడం, చింతగింజల జిగురుతో అతకడం, పూతలు వేయడం దాటాకే రంగు.

చిన్న పరిచయానికి విలువ లేదని దీని అర్థం కాదు. ఒక్క పూట బద్ద చీల్చబోయి వేలు కోసుకున్న మనిషి మళ్లీ ఎప్పుడూ గంప ధర దగ్గర బేరమాడకపోవచ్చు. అయితే శిబిరం ఏ దశను చూపిస్తోంది, ఏ దశను దాచేస్తోంది అన్నది ముఖ్యం. పనివాడి ఇంటికి వెళ్లి అతని వేగంతో, అతని పద్ధతిలో నేర్చుకుంటే ఆ దాచిన దశలు కనిపిస్తాయి. రిసార్టుకు అతన్నే పిలిపిస్తే చివరి దశ ఒక్కటే కనిపిస్తుంది, అతను గురువుగా కాక వినోదంగా మిగులుతాడు.

భూమి, అడవి, చట్టం

లక్నవరం, తాడ్వాయి, బొగత, పాఖాల, కవ్వాల్ చుట్టూ పర్యాటకం పెరిగింది. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ దారి మరింత రద్దీ అయింది. రిట్రీట్ నిర్వాహకుల చూపు ఇటు పడటం సహజం. కానీ ఈ ప్రాంతంలో చాలా భాగం ఆదివాసీ ప్రాంతాలకు రక్షణనిచ్చే రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందకు వస్తుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని కట్టుదిట్టం చేసిన 1970 సవరణ, అంటే జనం నోట్లో 1/70 చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. గిరిజనేతరులకు లీజుకివ్వడం కూడా బదలాయింపే అని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అడవి పక్కన స్థానికుడి పేరు మీద కాగితాలు పెట్టి బయటివాళ్లు నడిపే కాటేజీలు ఈ చట్టం ముందు నిలబడవు.

ఆచారాల విషయంలో చట్టం ఇంత సూటిగా లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం తమ సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయ హక్కును గుర్తించింది. భౌగోళిక గుర్తింపు డోక్రా, జంపఖానా లాంటి వస్తువుల పేరును కాపాడగలదు. కొలుపును కాపాడలేదు. ఎవరైనా చిలుకలగుట్ట పేరు వాడుకుని శిబిరం పెట్టుకుంటే సూటిగా ఆపే సెక్షన్ దొరకదు. ఆపగలిగేది గ్రామసభ తీర్మానం, దానికి అధికారులు ఇచ్చే విలువ.

సామగ్రి దగ్గర మాత్రం నిబంధనలు గట్టివే. నెమలి, ఉడుము రెండూ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సహజంగా రాలిన నెమలి ఈకలకు దేశంలో వెసులుబాటు ఉన్నా, వేటాడి తీసినవాటికి లేదు. ఉడుము తోలుతో వాయిద్యం బిగించడం నేరం. అభయారణ్యంలో రాత్రిపూట మంటలు, డోళ్లకు అనుమతి ఆశించకూడదు.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంది?

2009 అక్టోబరులో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం సెడోనా దగ్గర ఒక ఆధ్యాత్మిక శిబిరంలో, లకోటా తరహా చెమట గుడిసెలో పదుల సంఖ్యలో మనుషులను కూర్చోబెట్టారు. ముగ్గురు చనిపోయారు. నిర్వాహకుడికి 2011లో జైలు శిక్ష పడింది. వేడికి తట్టుకోలేక బయటికి రావాలనుకున్నవారికి ‘ఓర్చుకుంటేనే మార్పు’ అన్న ఒత్తిడి ఎదురైందని విచారణలో బయటపడింది. ఆదివాసీ సముదాయంలో అదే గుడిసెను నడిపేవారికి ఏళ్ల శిక్షణ, అక్కడ కూర్చున్న ప్రతి మనిషితో బంధుత్వం ఉంటాయి. శిబిరంలో ఆ రెండూ లేవు, ఫీజు మాత్రమే ఉంది.

మన దగ్గర జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. మూర్ఛ ఉన్నవారికి, తీవ్ర మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారికి నిద్ర లేకుండా, తిండి మానేసి, రాత్రంతా దరువు మధ్య గడపడం ప్రమాదకరం కావచ్చు. మందులు ఆపమని చెప్పే శిబిరం నుంచి వెంటనే బయటికి రావాలి. ఫలానా జబ్బు నయమవుతుందని మంత్రతంత్రాల పేరుతో ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద శిక్షార్హం. అమెజాన్ పానీయాలు, మత్తు పుట్టగొడుగుల్లో ఉండే పదార్థాలు 1985 ఎన్డీపీఎస్ చట్టం నిషేధించినవి. ఉమ్మెత్త చట్టంలో లేకపోయినా ప్రాణం తీయగలదు. మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇంకో ప్రమాదం శిబిరం బయట ఉంది. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒకే కుటుంబంలోని తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపేశారు. ఉత్తర తెలంగాణలో ఇలాంటి దాడులు కొత్త కావు. ఊళ్లో వేపమండ పట్టుకుని దిష్టి తీసే పేద మనిషి మీద అనుమానం, రిసార్టులో అదే వేపమండ పట్టుకున్న ఇంగ్లీషు మాటల గురువు మీద గౌరవం ఒకే సమాజంలో పక్కపక్కన నడుస్తున్నాయి. మేడారం పూజారికి ఉన్న భద్రత ఆ పేద మనిషికి లేదు. మంత్రం, ఆత్మ, శక్తి లాంటి మాటలను ఆకర్షణగా వాడే ప్రచారం, చదువుకున్నవాళ్లలో కూడా ఆ భయానికి బలం చేకూరుస్తుంది. నిర్వాహకులకు ఈ ఉద్దేశం లేకపోవచ్చు, ఫలితం మాత్రం ఊళ్లలో పడుతుంది.

ఇక్కడికి వస్తే ఏమవుతుంది?

మొదటి ప్రభావం డబ్బు రూపంలో కనిపిస్తుంది. జాతర లేని నెలల్లో, పెళ్లిళ్లు లేని మూఢంలో కళాకారులకు పని తక్కువ. నెలకు రెండు మూడు బృందాలు వచ్చినా ఓజా, మెదరి, నకాషీ కుటుంబాలకు అది పనికొచ్చే ఆదాయమే. అయితే ఇలాంటి ప్యాకేజీల్లో ఖర్చులో పెద్ద భాగం బస, భోజనం, ప్రచారం, నడిపించే గురువు దగ్గర ఆగిపోతుంది. పని నేర్పిన మనిషికి రోజుకూలీ లెక్కన చేరుతుంది. దీన్ని తిప్పాలంటే నేర్పేవారి ఫీజు ఎంతో ముందుగా రాసి ఉండాలి, వాళ్ల వస్తువులను వాళ్లు చెప్పిన ధరకు కొనాలి.

రెండో ప్రభావం కాలం మీద. పర్యాటకులు వచ్చిన రోజున గుస్సాడి ఆడించడం, పట్నం వేయించడం మొదలైతే తిథికి విలువ తగ్గుతుంది. ఇది ఊహ కాదు. ప్రభుత్వ కార్యక్రమాల్లో, స్వాగత వేదికల మీద గుస్సాడి ఇప్పటికే ఏడాది పొడవునా కనిపిస్తోంది. కొందరు గోండు పెద్దలు దీన్ని గుర్తింపుగా చూస్తారు, కొందరికి దీక్ష లేకుండా ఆ టోపీ పెట్టుకోవడం నచ్చదు. రెండు అభిప్రాయాలూ ఆ సముదాయం లోపలివే. వాటి మధ్య తేల్చాల్సింది శిబిరం నడిపేవాళ్లు కాదు.

మూడోది అడవి మీద. 2024 ఆగస్టు చివరి రోజున వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేలాది చెట్లు కూలిపోయాయి. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న ఆ నేల మీద కొత్త బాటలు, మంటలు, వాహనాలు పెరిగితే దెబ్బ తగిలేది మొదట చెట్లకు, తర్వాత ఆ అడవి మీద ఆధారపడ్డ గూడేలకు.

ఆచారాన్ని వదిలేసి చేతిపని మీద నిలబడే శిబిరానికి ఇక్కడ చోటుంది. కొత్తవాడ మగ్గం దగ్గరో, చేర్యాల నకాషీ ఇంట్లోనో, ఉషేగాం కొలిమి పక్కనో వారం రోజులు కూర్చునే వీలు కల్పిస్తే చాలు. పూనకం అడగకూడదు, దేవత పేరు వాడకూడదు. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో ఆ ఇంటివాళ్లే నిర్ణయించాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే ఆ మాట గ్రామసభ తీర్మానంగా ముందే కాగితం మీద ఉండాలి, వచ్చినవాళ్లకు తెలుగులో చదివి వినిపించాలి.